చెవిలో పెట్టిన పత్తి

తలకు దెబ్బ తగిలిన మనిషి చెవిలోంచి నీరు కారుతుంటే ఆ చెవిలో ఏమీ పెట్టకూడదు. చుక్కల మందు వేయకూడదు, నీళ్లతో కడగకూడదు, పత్తి అసలే కుక్కకూడదు. చెవి బయట శుభ్రమైన గాజుగుడ్డ వదులుగా ఆనించి, వచ్చేదాన్ని రానివ్వాలి. ఎంత వచ్చింది, ఏ రంగులో వచ్చింది, ఎన్నింటికి చూశాం అన్నది కాగితం మీద పెట్టి, వెంటనే డాక్టరుకు చెప్పాలి. ఒడిశా బరంపురంలో నేను పాఠం చెప్పే నర్సింగ్ స్కూల్లో ఈ పాఠం రోజున అమ్మాయిలు ముందు బెంచీలు వదిలేసి వెనక్కి సర్దుకుంటారు. మిగతా పాఠాలకు నేను ఫరవాలేదు గానీ దీనికి మాత్రం నా గొంతు లేస్తుందని వాళ్లకు తెలుసు.

ఈ పాఠంలో ఉదాహరణగా కొన్నేళ్ల పాటు ఒక సంగతి చెప్పాను. "సముద్రం పక్క ఊరినుంచి ఒకాయనను తెచ్చారు. తలకు దెబ్బ. వాళ్లావిడ ఇంట్లోనే చెవిలో వెల్లుల్లి నూనె వేసింది. తెలియనితనం ఎంత పని చేస్తుందో చూడండి" అనేదాన్ని. అమ్మాయిలు అయ్యో అనేవారు, నోటుపుస్తకాల్లో రాసుకునేవారు. నేను చెప్పింది సగమే. నేనున్న సగం మింగేశాను. అదిప్పుడు రాస్తున్నాను. పేర్లు రాయడం లేదు. వాళ్లవి రాసే హక్కు నాకు లేదు, నాది రాసుకునే ధైర్యం లేదు.

అప్పటికి నేను ఊళ్లో ఒక ప్రైవేటు నర్సింగ్ హోములో స్టాఫ్ నర్సుని. చేరి రెండో ఏడు. ఇస్త్రీ మడత నలగని యూనిఫాం, గట్టిగా బిగించిన ముడి, చకచకా మాట్లాడే ఒడియా. నన్ను చూసి బాగా చదువుకున్న ఇంటి పిల్ల అనుకునేవారు. అలా అనుకోవాలనే నా ఆరాటం కూడా. మా నాన్న గుమాస్తా, ఆ మాట అందరికీ చెప్పేదాన్ని. మా నాన్నమ్మ ఎండుచేపల బుట్టతో గిరిసోల స్టేషన్లో రైలెక్కి, బరంపురం వీధుల్లో తిరిగి అమ్మి, ఆయన్ని చదివించింది. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. ఆవిడ పోయి చాలా కాలమైనా, వార్డులోకి సముద్రం పక్క మనుషులు వస్తే నా ఒళ్లు దగ్గరకు ముడుచుకునేది. వాళ్ల తెలుగు మా నాన్నమ్మ తెలుగే. ఆ మాట చెవిన పడగానే నన్నెవరో బజార్లో ఇంటిపేరు పెట్టి పిలిచినట్టు ఉండేది.

ఒకరోజు పొద్దున్న పదింటికి సముద్రం పక్కనున్న పొడంపేట నుంచి ఒకాయనను ఆటోలో తీసుకొచ్చారు. నలభై ఏళ్లుంటాయి. ముందురోజు వేటనుంచి తిరిగొస్తుంటే ఒడ్డు దగ్గర కెరటానికి పడవ తిరగబడింది. పడవ అంచు కుడి చెవి వెనక తగిలింది. కాసేపు తెలివి తప్పి నీళ్లలో ఉన్నాడు. తోటివాళ్లు లాగి ఒడ్డున పడుకోబెడితే లేచాడు, నడిచాడు, ఇంటికెళ్లి అన్నం తిన్నాడు. తెల్లారేసరికి తలపోటు, వాంతి. అప్పుడు బయల్దేరారు. వెంట వచ్చింది భార్య ఒక్కతే.

ఆయన్ని మంచం మీదికి మార్చే హడావుడిలో నా నోరు జారింది. "ఏటైంది?" అన్నాను.

ఆవిడ మొహం ఒక్కసారి విచ్చుకుంది. "పడవ తిరగబడిపోనాదమ్మా. నువ్వు మనోల పిల్లవేనేటి? ఏ ఊరు తల్లీ మీది?"

టేబుల్ దగ్గర కూర్చున్న ఇంకో నర్సు తలెత్తి నావైపు చూసి నవ్వింది. పెద్ద నవ్వేం కాదు. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. మాది బరంపురమే అని ఒడియాలో జవాబిచ్చాను. ఆ తర్వాత ఆవిడతో ఒక్క ముక్క కూడా తెలుగులో మాట్లాడలేదు. పిన్నీ అనే పిలుపు కూడా ఒడియాలోనే. మావుసీ, ఇటు జరుగు. మావుసీ, గట్టిగా మాట్లాడకు. ఆవిడకు ఒడియా వచ్చు గానీ బాధలో ఉన్న మనిషికి సొంత మాటే కదా నోటికొచ్చేది. ఆవిడ తెలుగులో చెప్పేది, నేను ఒడియాలో కసిరేదాన్ని.

ఆవిడ ఏదీ దాచలేదు. "రేతిరి సెవి పోటంటే ఎల్లుల్లి నూనె రెండు సుక్కలు ఏసినాను. అంతే, ఇంకేటీ సెయ్యనేదు" అంది. అది మాత్రం శ్రద్ధగా రాశాను. ఇంట్లో చెవిలో నూనె వేశారు అని ఇంగ్లీషులో రాసి, కింద గీత కూడా గీశాను. ఆవిడ చెప్పిన మాటల్లో నేను కాగితం మీద పెట్టింది అదొక్కటే.

స్కాన్ తీశారు. మెదడులో రక్తం గడ్డకట్టలేదు, రెండు రోజులు కనిపెట్టుకుని ఉంటే చాలన్నాడు డాక్టరు. చెవిలోంచి ఏమైనా వస్తుందేమో చూస్తూ ఉండమని నాకు ప్రత్యేకంగా చెప్పాడు.

వస్తూనే ఉంది. చుక్కలు చుక్కలుగా, నీళ్లలా, అక్కడక్కడా కాస్త ఎరుపు. పడుకున్నాయన నాతో, "గొంతులోకి ఉప్పునీల్లు దిగతన్నాయి సిస్టరమ్మా. సముద్రం తాగీసినట్టున్నాను" అని నవ్వాడు. నేనూ అలాగే అనుకున్నాను. సముద్రంలో పడ్డ మనిషి చెవిలోంచి సముద్రం కాక ఇంకేం వస్తుంది? సముద్రం పక్క ఊళ్లలో చెవిలో నీళ్లు నిలవడం రోజూ ఉండేదే. ఎవరూ పట్టించుకోరు. చిన్నప్పుడు నాన్నమ్మతో వాళ్ల ఊరెళ్లి సముద్రంలో మునిగితే, తల పక్కకు వంచి ఒంటికాలి మీద గెంతమనేది. అప్పటికీ పోకపోతే నూనె చుక్క. అదే నూనె, అదే వెల్లుల్లి. ఆ ఇంటి మనిషిని కాదని చెప్పుకు తిరిగేదాన్ని, తీరా వేళకు ఆ ఇంటి తెలివే నాకు అడ్డొచ్చింది. నర్సింగ్ స్కూల్లో మూడేళ్లు చదివిన చదువు ఆ ఉప్పు మాట దగ్గర ఆగిపోయింది.

తలలో ఎముక చిట్లితే మెదడు చుట్టూ ఉండే నీరు చెవి దారిన కారుతుంది. అదీ నీళ్లలాగే ఉంటుంది, గొంతులోకి దిగితే అదీ ఉప్పగానే ఉంటుంది. ఇది నాకు తెలియదా? తెలుసు. పరీక్షలో రాశాను. మార్కులు కూడా పడ్డాయి.

రెండోరోజు పొద్దున్న ఏడింటికి డ్యూటీకి వెళ్లేసరికి ఆవిడ నాకోసమే తలుపు దగ్గర నిలబడి ఉంది. చేతిలో పాత చీర ముక్క. దిండు మీద తానే వేసిందట, ఆసుపత్రి దిండు పాడు చేయకూడదని.

"ఇది సూడమ్మా" అని నా ముందు పరిచింది. మధ్యలో ఎర్రటి మరక, దాని చుట్టూ నీటి చారలాగా పలచని గుండ్రం. "నడిమిన నెత్తురు, సుట్టూరా నీరు. ఇది సముద్రం నీరు కాదమ్మా. సముద్రం నీరు ఆరితే గుడ్డ బిరుసెక్కి తెల్లగా పొక్కుతది. ఇది సూడు, మెత్తగానే ఉంది. రెండో రోజు గూడా సముద్రం కారతదేటి?"

నేను చదివిన పుస్తకంలో ఆ బొమ్మ ఉంది. రక్తం మధ్యలో, చుట్టూ పలచని వలయం. అది కనిపిస్తే డాక్టరుకు వెంటనే చెప్పమని దాని కిందే ఉంది. అక్షరం ముక్క రాని మనిషి, ఎండిన బట్టలు మడతపెట్టిన అనుభవంతో, దాన్ని పట్టుకొచ్చి నా కళ్ల ముందు పెట్టింది. చెవి వెనక నీలంగా కమిలింది కూడా చూడమంది. పడవ తగిలిన చోటు కదా, కమలదా అనుకున్నాను. ఎముక చిట్లిందనడానికి అదీ ఒక గుర్తేనని పుస్తకంలో ఉంది.

అసలు నేను వింటేగా. వెనక నిన్న నవ్విన నర్సు నిలబడి ఉంది. నా ధ్యాసంతా ఆ నర్సు ముందు ఈవిడ నన్ను మళ్లీ మీ ఊరేదని అడుగుతుందేమోనని. పైగా పెద్ద సిస్టరు రౌండు ముందు దిండు మీద మరక కనిపిస్తే మా అందరికీ చీవాట్లు పెట్టే రకం. "మురికి గుడ్డలు ఇక్కడ చూపించకు మావుసీ. తీసుకెళ్లి ఉతుక్కో" అన్నాను, ఒడియాలో, అందరికీ వినబడేలా.

ఆవిడ ఆ గుడ్డను మెల్లగా మడిచింది. ఉతకడానికి బాత్రూము వైపు వెళ్లింది. ఇది రాస్తుంటే ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతున్నాయి.

ఆవిడ తిరిగొచ్చేలోపు నేను పత్తి తీసుకుని, వేళ్ల మధ్య నులిమి, ఆయన కుడి చెవిలో గట్టిగా పెట్టేశాను. ఆవిడ గుమ్మంలోంచి చూసి గబగబా వచ్చింది. "మూయకమ్మా. వొచ్చేది రానీ. నోపల నిలిచిపోద్ది" అంది. నేను విననట్టు దుప్పటి సర్దాను. బయటినుంచి చూస్తే చెవి శుభ్రంగా ఉంది. దిండు తెల్లగా ఉంది.

తొమ్మిదింటికి డాక్టరు వచ్చాడు. ఆవిడ ఏదో చెప్పబోతే పెద్ద సిస్టరు పక్కకు జరిపింది. డాక్టరు నన్నడిగాడు, "చెవి?" అని.

"డ్రై సర్" అన్నాను.

ఒక్క మాట. అందులో తడబాటు కూడా లేదు. ఆయన తలూపి తరవాతి మంచానికి వెళ్లాడు. మధ్యాహ్నం డ్యూటీ దిగేముందు చూస్తే పత్తి తడిసి ముద్దయింది. తీసి పారేసి కొత్తది పెట్టాను. మొదటిసారి పెట్టింది చిరాకులో చేసిన పని అని నాకు నేను సర్దిచెప్పుకున్నా, ఈ రెండోసారికి ఏం పేరు పెట్టాలో ఇన్నేళ్లయినా తోచలేదు. తడి పత్తి చేతిలో పట్టుకుని కూడా ఆలోచించలేదంటే, ఆలోచించకూడదని గట్టిగా అనుకునే ఉంటాను.

మూడోరోజు పొద్దున్నకు ఆయన ఒళ్లు కాలిపోతోంది. మెడ కొయ్యబారిపోయింది. కిటికీ తలుపు తీస్తే వెలుతురు భరించలేక మూలిగాడు. పక్కనెవరూ లేకపోయినా తాడు లాగండ్రా, తాడు లాగండ్రా అంటున్నాడు. ఆ పొద్దున్నే మొదటి బస్సుకు ఆయన తల్లి కూడా వచ్చింది. మంచం కాళ్ల దగ్గర నిలబడి కొడుకును చూసి వణికిపోతోంది.

డాక్టరు వస్తూనే ఫోర్సెప్సు తీసుకుని చెవిలో పత్తి లాగాడు. దాని వెనకాలే నీరు జారి దిండు మీద పడింది. ఇప్పుడది నీళ్లలా లేదు, మసకగా ఉంది.

"ఇది ఎవరు పెట్టారు?" అన్నాడు.

నేను ఆయనకు మూరెడు దూరంలో ఉన్నాను. నా నోరు పెగల్లేదు. డాక్టరు కేసు కాగితం తిరగేశాడు. నేను గీత గీసిన వాక్యం ఆయన కంట పడింది. భార్య వైపు తిరిగి, "చెవిలో నూనె పోసింది చాలక పత్తి కూడా కుక్కావా? చేతులారా నీ మొగుణ్ని చంపుకుంటావా?" అని ఒడియాలో అరిచాడు.

ఆవిడ నావైపు చూసింది. చెబుతావు కదా అన్నట్టు చూసింది. నేను సెలైన్ సీసా వైపు చూశాను. చుక్కలు సరిగ్గా పడుతున్నాయో లేదో లెక్కపెడుతున్నట్టు నటించాను.

"నూనె ఏసినాను బాబూ" అంది ఆవిడ నెమ్మదిగా. తను చేసిందాన్ని ఒప్పుకుంది. చేయనిదాని గురించి ఏమీ అనలేదు. అందరూ దాన్ని రెండింటికీ ఒప్పుకోలుగా తీసుకున్నారు. అత్తగారు తల బాదుకుంటూ కోడలి మీద పడింది. "నువ్వేనే నా కొడుక్కి ఈ గతి పట్టించింది" అని ఏడ్చింది. నేను వాళ్లిద్దరినీ విడదీసి బయటికి పంపాను. ఓదార్చినట్టు ఆ అత్తగారి భుజం మీద చెయ్యి కూడా వేశాను.

గంటలో ఆయన్ని పెద్దాసుపత్రికి పంపేశారు. ఆంబులెన్సు గేటు దాటుతుంటే నాకు కలిగింది జాలి కాదు, భయం కాదు. ఊరట. అమ్మయ్య, వెళ్లిపోయారు అనుకున్నాను. పెద్దాసుపత్రి మాకు ఆటోలో పది నిమిషాల దూరం. వెళ్లి చూడలేదు. బతికాడని, ఒక చెవి పోయిందని, నెల తర్వాత ఆంబులెన్సు డ్రైవరు చెబితే విన్నాను.

ఆ తర్వాత ఇంకా చదువుకున్నాను, పాఠాలు చెప్పే ఉద్యోగం వచ్చింది. ఆ కేసు గురించి దొరికిందల్లా చదివాను. పడవ దెబ్బకే చెవి పోయి ఉండొచ్చు. మెదడుకు పట్టిన ఆ జ్వరం నూనె వల్ల వచ్చిందా, పత్తి వల్ల వచ్చిందా, ఏదీ లేకపోయినా వచ్చేదా, ఇప్పుడెవరూ తేల్చి చెప్పలేరు. డ్రై అనకపోయి ఉంటే రెండోరోజు తొమ్మిదింటికే డాక్టరు ఆ చెవి చూసేవాడు, ఒక రోజు ముందే మందు పడేది. ఇది నేను తేల్చి చెప్పగలను. ఇంత తెలిసీ క్లాసులో మాత్రం నూనె సంగతే చెబుతూ వచ్చాను.

ఏడేళ్ల తర్వాత, పోయిన వేసవిలో, గేట్ బజారులో ఒక బట్టల కొట్టు ముందు "సిస్టరమ్మా" అని ఎవరో పిలిచారు. తిరిగి చూస్తే ఆవిడ. జుట్టు నెరిసింది, మనిషి సగమైంది. నేను గుర్తుపట్టనట్టు ఉండబోయాను, కాళ్లు కదల్లేదు.

"ఆయన ఎలా ఉన్నారు?" అని అడిగాను. ఒడియాలోనే.

"ఉన్నాడమ్మా. ఆ సెవి వినపడదు. నిలబడితే తూలతాడు, పడవెక్కలేడు. ఒడ్డున కూకొని వలలు బాగుసేత్తాడు. నాను సేపలమ్ముతన్నాను" అంది. ఏమీ దెప్పినట్టు లేదు. నేను ఇక వెళ్లబోతుంటే తనే మళ్లీ అంది. "మా ఊర్లో పురిటి పిల్లలందరికీ నానే నూనె రాసి నీల్లు పోసీదాన్నమ్మా. ఇప్పుడు నా సేతికి ఎవులూ పిల్లనియ్యరు. మొగుడి సెవిలో నూనె పోసి సెవిటోన్ని సేసిందంతారు. నా కూతురికి పిల్ల పుడితే దానిక్కూడా మా అత్తే పోసింది. నన్ను దగ్గిరికి రానియ్యనేదు."

సముద్రం పక్క ఊళ్లలో అది చిన్న విషయం కాదు. కాళ్లు చాపుకుని, పసిబిడ్డను కాళ్ల మీద బోర్లా వేసుకుని, నూనె మర్దించి, వేన్నీళ్లు పోసి, సాంబ్రాణి పట్టే మనిషిని ఇంటింటికీ పిలుచుకుపోతారు. మా నాన్నమ్మ కూడా చేసేది. ఏ బిడ్డ చూసినా తన చేతి కింద పెరిగిందే అని ఆవిడ గొప్పగా చెప్పుకునేది. ఈవిడకు ఏడేళ్లుగా ఆ గొప్ప లేదు.

ఆ రద్దీలో, జనం భుజాలు తగులుతుంటే, నేను మా నాన్నమ్మ మాటలో చెప్పేశాను. "అప్పా, పత్తి ఎట్టింది నాను. నూనె వొల్లే అయినాదని ఎవులూ సెప్పనేరు. డాక్టరు అడిగితే నాను నోరిప్పనేదు." మా వైపు అక్కను అప్ప అంటాం. ఆ పిలుపు నా నోట రావడానికి ఏడేళ్లు పట్టింది.

ఆవిడ ఆశ్చర్యపోతుందనుకున్నాను. "నువ్వెడతంటే నాను సూసినాను కదమ్మా" అంది. "మనోల పిల్ల, అదే సెప్తాదిలే అనుకున్నాను ఆ రోజు."

నాకు కళ్లనీళ్లు ఆగలేదు. ఆవిడ వాటిని పట్టించుకోలేదు. ఏదో లెక్క తేల్చినట్టు, "బజార్లో నాకు సెప్తే ఏటుంది? నాకు తెలిసిందే. మా ఊరొచ్చి మా అత్తకాడ సెప్పు" అంది.

వస్తానన్నాను. మూడు ఆదివారాలు ఏదో ఒక సాకు దొరికింది. ఒంట్లో బాగాలేదు, పేపర్లు దిద్దాలి, వాన పడేలా ఉంది. నాలుగో ఆదివారం నన్ను నేను తిట్టుకుని బయల్దేరాను. గంజాం దాకా బస్సు, అక్కడినుంచి ఆటో. దారంతా చెప్పాల్సిన మాటలు మనసులో వల్లెవేసుకుంటూనే ఉన్నాను. వాళ్లు తిడతారు, కొడితే కొట్టనీ, ఆవిడ మీద పడ్డ మాట పోతే చాలనుకున్నాను. నిజానికి వాళ్లు తిడితే నాకూ కాస్త తేలికవుతుందన్న ఆశ లోపల ఉంది. అదీ నా స్వార్థమే.

పొడంపేట మత్స్యకార కాలనీలో వాళ్ల ఇల్లు వెతుక్కోనక్కర్లేకపోయింది. ఆవిడ ముందే చెప్పి ఉంచినట్టుంది. ఇంటి ముందు తాటాకు నీడలో ప్లాస్టిక్ కుర్చీ వేసి ఉంచారు. కూల్ డ్రింకు తెచ్చి చేతిలో పెట్టారు. ఆయన గోడకు చేరగిలబడి, మంచి చెవి నావైపు తిప్పుకుని కూర్చున్నాడు. అత్తగారు నా ఎదురుగా నేలమీద కూర్చుంది. కింద కూర్చోవద్దంటే వినలేదు. ఇరుగుపొరుగు ఆడవాళ్లు ఐదారుగురు చుట్టూ చేరారు. ఆవిడ మాత్రం గుమ్మానికి ఆనుకుని నిలబడింది. ఉతికిన చీర కట్టుకుని ఉంది, తలలో పూలు కూడా పెట్టుకుంది. ఈ రోజు కోసమే తయారైందని అర్థమైంది.

అంతా చెప్పాను. నీళ్లు కారడం, గుడ్డ తెచ్చి చూపించడం, నేను కసరడం, పత్తి పెట్టడం, పొడిగా ఉందని డాక్టరుకు అబద్ధం చెప్పడం, ఆ తర్వాత నోరు మూసుకోవడం. ఏదీ మినహాయించుకోలేదు.

అత్తగారు లేచి వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. ఆవిడ కళ్లు తడిగా ఉన్నాయి. "ఎంత మంచి మనసు తల్లీ నీది. మా కోడలి తప్పు నీ నెత్తినేసుకోడానికి ఇంత దూరం వొచ్చినావు" అంది.

"కాదమ్మా, నిజంగా నేనే పెట్టాను" అన్నాను.

"సదువుకున్నోలు సెవిలో పత్తి ఎడతారేటమ్మా. నువ్వు పాటాలు సెప్పే మేడానివంట కదా. దాని బాద సూడనేక అంతన్నావు. నాకు తెలీదేటి."

చుట్టూ ఉన్న ఆడవాళ్లు తలలూపారు. నేను గొంతు పెంచాను, ఒట్టు వేశాను, ఆయన వైపు తిరిగి మీరైనా నమ్మండని బతిమాలాను. ఆయన చిన్నగా నవ్వి, "ఎప్పుడో అయిపోయిన మాట కదమ్మా, పోనీ" అన్నాడు. నేను ఎంత గట్టిగా చెబితే వాళ్ల కళ్లలో నేను అంత మంచిదాన్ని అవుతున్నాను. గుమ్మం వైపు చూసే ధైర్యం లేకపోయింది.

ఇంతలో పక్కింటి పిల్ల లోపలికి పరిగెత్తి నెల తిరగని బిడ్డను తెచ్చింది. నేను అడగకుండానే నా ఒళ్లో పెట్టేసింది. "మేడంగారూ, దీని సెవి ఓసారి సూడండి. రేతిరంతా ఏడుత్తంది" అంది. బిడ్డ నా వేలు పట్టుకుంది. చెవి చూశాను, ఏమీ లేదు. కడుపునొప్పి అయి ఉంటుందని చెప్పాను. ఆ తర్వాత నాకేం తోచిందో, లేచి రెండడుగులు వేసి బిడ్డను గుమ్మం దగ్గరున్న ఆవిడకు అందించబోయాను. ఆవిడ చేతులు వాటంతటవే ముందుకొచ్చాయి. పక్కింటి పిల్ల మధ్యలోకి వచ్చి, నవ్వుతూనే, బిడ్డను నా చేతుల్లోంచి తీసేసుకుంది. ఆవిడ చేతులు కొంగుతో తుడుచుకుంది, వాటికేం అంటకపోయినా.

రోడ్డు దాకా సాగనంపడానికి ఆవిడ ఒక్కతే వచ్చింది. ఆటో కోసం చాలాసేపు నిలబడ్డాం.

"నమ్మలేదప్పా" అన్నాను.

"ఇప్పుడు నమ్మరమ్మా. ఆ రోజు డాక్టరు అడిగినప్పుడు సెప్పుంటే నమ్మీవోలు. మా అత్త పక్కనే ఉంది కదా" అంది.

ఆటో వచ్చి ఆగింది. మళ్లీ వస్తాను, పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి చెబుతాను, ఆసుపత్రి కాగితం తెస్తానన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"వొద్దమ్మా. ఇంక రాకు. నువ్వొచ్చినకొద్దీ నీకే పేరొస్తంది" అంది, నేను ఎక్కేదాకా కూడా ఉండకుండా ఇంటివైపు నడిచింది.